పాత కారు స్టార్ట్ కావట్లేదా? తొందరపడి బాగుచేయించకండి

కారు స్టార్ట్ కాని రోజు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవర్నీ ఎక్కించుకోనక్కర్లేదు. ఇంతటి సుఖాన్ని ఆటో ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో పాడుచేస్తాడు. అతను రాకముందే మీరు రంగంలోకి దిగాలి. వాడరేవులో ఉండేవాళ్ళకి సగం పని సముద్రమే చేసిపెడుతుంది. ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. మిగతా సగానికి ఈ చిట్కాలు చాలు. అంబాసిడర్ ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఫియట్, మారుతి 800 వాళ్ళు కూడా నిశ్చింతగా పాటించవచ్చు.

1. లోపం ఎక్కడుందో వెతక్కండి. కారు చివరిసారి ఎవరు నడిపారో వెతకండి. బావమరిది అయితే ఇక వెతకాల్సింది ఏమీ లేదు.

2. కీ తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడొచ్చి ఆగిపోయిందా? తెలిసినవాళ్ళు హెడ్‌లైట్లు వేసి మళ్ళీ కీ తిప్పి చూస్తారు. లైట్లు ఆరిపోయేలా మగ్గితే బ్యాటరీలోనో కనెక్షన్లలోనో లోపం. లైట్లు అలాగే వెలుగుతుంటే సెల్ఫ్ మోటారో సోలినాయిడో చూడాలి. ఈ పరీక్షకి అర నిమిషం పట్టదు, అందుకే దాని జోలికి పోవద్దు. కీ తిప్పి అలాగే పట్టుకోండి. చెయ్యి నొప్పి పుడితే పిల్లల్ని పిలిచి పట్టుకోమనండి. బ్యాటరీలో మిగిలిన కాస్తా అయిపోయి, ఆ టక్ కూడా వినపడకుండా పోతుంది. ఇప్పుడు ఎవరడిగినా "బ్యాటరీ డౌన్" అని ధైర్యంగా చెప్పవచ్చు, అది అబద్ధం కూడా కాదు.

3. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే బియ్యం డబ్బా వెనక పెట్టండి. బాగా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజను నడిచేటప్పుడు 14 దరిదాపుల్లో ఉంటే డైనమో ఛార్జి చేస్తున్నట్టే. ఇలాంటి అంకెలు బయటపడితే వాదించడానికి ఏమీ మిగలదు. "మీటరు ఎవరో పట్టుకెళ్ళారు" అనండి.

4. బ్యాటరీ టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని కడగవద్దు. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే అది పోతుంది, దాంతో పాటు మీ సాకూ పోతుంది. క్లాంపు వదులుగా ఉంటే స్పానరు తీయకండి. సందులో ఒక మేకు దిగ్గొట్టండి. వారం తిరక్కుండా సీసం పోస్టు పగులుతుంది. అప్పుడు బ్యాటరీయే మార్చాలి. మార్చడానికి ముందు డబ్బులు సర్దుకోవాలి. ఆ పేరుతో పండగ దాకా గడిపేయవచ్చు.

5. అన్నిటికన్నా శ్రద్ధగా కాపాడుకోవాల్సింది ఎర్త్ వైరు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, సెల్ఫ్‌కి వెళ్ళిన కరెంటు తిరిగి రావడానికి ఇంజను నుంచి బాడీకి ఒక అల్లిక పట్టీ వేసి ఉంటుంది. సముద్రం ఒడ్డున ఆ పట్టీ బోల్టు కింద లోలోపల తుప్పు తింటుంది, పైకి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. దారి మూసుకుపోయిన కరెంటు చోక్ కేబులు గుండానో యాక్సిలరేటర్ కేబులు గుండానో పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు కేబులు వేడెక్కితే సంతోషించండి, మీ రహస్యం ఇంకా భద్రంగానే ఉంది. దీన్ని పట్టుకోవాలంటే బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజనుకి ఒక లావు తీగ తగిలించి సెల్ఫ్ కొడితే చాలు. ఆ తీగని దొడ్లో బట్టలారేసుకోవడానికి కట్టేయండి. తర్వాత వరసగా కొత్త బ్యాటరీ కొనండి, సెల్ఫ్ విప్పించి బ్రష్షులు మార్పించండి, డైనమో చుట్టించండి. లోపం ఉన్నచోటే ఉంటుంది. బిల్లులన్నీ ఫైలులో పెట్టి ముందుగదిలో ఉంచండి. ఇంత ఖర్చుపెట్టిన మనిషిని బద్ధకస్తుడు అనడానికి మామగారికి కూడా నోరు రాదు.

6. ఫ్యూజు పోతే ఎందుకు పోయిందని అడక్కండి. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టండి. ఫ్యూజు ఇక పోదు, దాని బదులు డాష్‌బోర్డు వెనక వైర్లు కరుగుతాయి. అన్నీ ఒకే ముద్ద అయ్యాక ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పగల మొనగాడు జిల్లాలో ఉండడు.

7. బ్యాటరీలో బోరు నీళ్ళు పోయండి. మన తీరంలో అందులో ఉప్పు ఉచితం. డిస్టిల్డ్ వాటరు కోసం చీరాల దాకా వెళ్ళే శ్రమ తప్పుతుంది.

8. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే పాయింట్లు, కండెన్సర్, కాయిల్, డెల్కో మూత అన్నీ ఒకేసారి మార్చేయండి. పాతవాటిని కొత్తవాటితో కలిపి ఒకే సంచిలో వేయండి.

9. తోయించేటప్పుడు రోడ్డు వైపు కాదు, ఇసుక వైపు తోయించండి. కీ ఆన్ చేసి, రెండో గేరులో పెట్టి, కాస్త వేగం అందాక క్లచ్ వదిలితే కారు లేచే ప్రమాదం ఉంది. అందుకని కీ జేబులోనే ఉంచండి. వేట నుంచి వచ్చిన కుర్రాళ్ళు తోస్తుంటే మీరు స్టీరింగు దగ్గర కూర్చుని "ఇంకాస్త బాబూ, ఇంకాస్త" అనండి. టైర్లు సగం దిగాక దిగిపోండి.

10. పక్కింటాయన కొత్త కారు నుంచి కరెంటు తీసుకోవాల్సి వస్తే ఎర్ర క్లిప్పు మైనస్‌కి, నల్ల క్లిప్పు ప్లస్‌కి తగిలించండి. ఆయన ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి. ఇక ఆ వీధిలో కారు అడిగేవాళ్ళే ఉండరు.

సాకులు ఊరిని బట్టి మార్చాలి. తెనాలిలో పెళ్ళి ఉంటే "రాత్రి మంచుకి కాయిల్ తడిసింది" అనండి, తర్వాత "చీరాల నుంచి రైలుంది కదా" అని టైములు చెప్పండి. బాపట్లకీ అదే లైను. రేపల్లె అయితే తెనాలిలో బండి మారాలని వాళ్ళు విసుక్కుంటారు. అప్పుడు "216 హైవే మీద ఆడవాళ్ళతో నడిరోడ్డున ఆగిపోతే ఎవరు బాధ్యులు?" అని మీరే గట్టిగా అడగండి. ఎప్పుడైనా, ఎక్కడైనా పనికొచ్చేది ఇంకొకటుంది: "ఉత్తరపారాలో 2014లోనే అంబాసిడర్ తయారీ ఆపేశారు, స్పేర్లెక్కడివి?" విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయని ఎవరైనా అంటే, వాళ్ళనే తెచ్చిపెట్టమనండి. మళ్ళీ ఆ మాట ఎత్తరు.

వీటన్నిటినీ ఓపిగ్గా పాటిస్తే రెండు వర్షాకాలాల్లో కారు పూర్తిగా చేతికొస్తుంది. తెనాలి శిల్పులు వాహనాల తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 14 అడుగుల మోదీ విగ్రహం అలాగే లేచింది. కాబట్టి మీ ఇనుముకి గిరాకీ ఉంది. బ్యాటరీని మాత్రం ముందే తీసి విడిగా అమ్మండి, సీసానికి తూకంలో ధర ఎక్కువ. తుక్కు కొనే అతను బ్యాటరీ ఏదని అడిగితే, మొన్న చివరిసారి నడిపింది ఎవరో పేరు చెప్పండి.