కాకపోతే డ్రాఫ్ట్ ఎక్కువ: ఒక నావిక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “చూసినవాటిలో హాల్బెర్గ్-రాసీయే నాకు నచ్చింది, కాకపోతే డ్రాఫ్ట్ ఎక్కువ.”

అవతారిక. ఇది అనాపొలిస్‌లో పుట్టిన వాక్యం. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర రాజధాని అయిన ఆ ఊళ్లో 1970లో మొదలైన తెరచాప పడవల ప్రదర్శన అక్టోబరు నెలలో జరుగుతుంది. పడవలను హాల్లో దిమ్మెల మీద నిలబెట్టరు, నీళ్లలోనే, తేలే పలకల బాటలకు కట్టి ఉంచుతారు. పగలంతా పడవెక్కి పడవ దిగిన నావికులు సాయంత్రం రమ్ము గ్లాసుల చుట్టూ చేరి ఏది మేలైనదో తేల్చబోయినప్పుడు పై వాక్యం వెలువడుతుంది. వక్త ఎవరైనా కావచ్చు, పడవ పేరు మారవచ్చు. ‘కాకపోతే’ మాత్రం మారదు.

ప్రతిపదార్థం. చూసినవాటిలో = బూట్లు విప్పి ఎక్కినవాటిలో. టేకు డెక్కు మీద గీతలు పడకుండా పడవ ముందు ఒక బుట్ట పెడతారు, పాదరక్షలు అందులో వేసి ఎక్కాలి. గుళ్లకు వెళ్లే అలవాటున్నవారికి ఇది వింత కాదు, టోకెన్ ఇవ్వరన్నదే తేడా. ఒడ్డున నిలబడి చూడటం చూడటం కింద లెక్క కాదు. పడక మీద వెల్లకిలా పడుకొని కాళ్లు గోడకు తగులుతున్నాయేమో చూసుకోవాలి. నేల పలక ఎత్తి, పడవ అడుగున రెక్కలా దిగే కీల్‌ను పట్టి ఉంచే బోల్టులు తడమాలి. ఇంజను మూత తీసి ఆయిల్ ఫిల్టరు అందుతుందో లేదో మోచేతి దాకా చెయ్యి దూర్చి తెలుసుకోవాలి. ఇవేవీ చెయ్యనివాడికి సాయంత్రం సభలో మాట్లాడే అర్హత లేదు.

హాల్బెర్గ్-రాసీయే = స్వీడన్ పడమటి తీరంలో, ఒరుస్ట్ దీవిలోని ఎల్లోస్‌లో తయారయ్యే పడవే. హారీ హాల్బెర్గ్ కార్ఖానాను 1972లో క్రిస్టోఫ్ రాసీ కొన్నాడు, పేర్లు రెండూ ద్వంద్వ సమాసంగా మిగిలాయి. తెల్లటి ఒంటికి నీలిగీత, చుక్కాని పట్టినవాడి మొహాన అలల జల్లు కొట్టకుండా గట్టి గాజు తెర, లోపల మహోగనీ చెక్క దీని గుర్తులు. అవధారణార్థకమైన ‘ఏ’ చేత ఫ్రెంచి పడవలను నిరసించినట్టయిందని కొందరంటారు. అది సరికాదు. 1884లో చేపల పడవలు కట్టడానికి పుట్టిన బెనెటో సంస్థ అదే పొడవు పడవను ఇంకా తక్కువ ధరకు ఇస్తుందని వక్తకు తెలుసు. అతడు దాన్ని పొగడకపోవడానికి కారణం, పక్కవాడు అప్పటికే పొగిడి ఉండటం.

నచ్చింది = ఒరిగినప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకున్నాక కూడా నచ్చింది. ఈ ఒక్క పదం దగ్గర వ్యాఖ్యానం కాస్త ఆగాలి. రేవులో కట్టిన పడవ ఒరగదు. ఎదురుగాలికి సాగే పడవ ఇరవై డిగ్రీల దాకా ఒరుగుతుంది, గంటల తరబడి అలాగే ఉంటుంది. ప్రదర్శనలో మురిపించిన విశాలమైన హాలులో అప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, అటునుంచి జారినవాడు ఇటువైపు గోడ దగ్గరే ఆగుతాడు. ఇరుకని మూతి విరిచిన వంటింట్లోనైతే నడుము గట్టుకు ఆనించి రెండు చేతులా వండుకోవచ్చు. వెనకభాగం వెడల్పుగా ఉన్న కొత్త పడవలకు రెండు చుక్కానులు పెట్టడానికీ ఈ ఒరుగుడే కారణం: ఒకటి నీటిపైకి తేలినా రెండోది నీటిలో ఉండి పడవను అదుపులో ఉంచుతుంది. కాబట్టి నావికుడు మెచ్చుకొన్నది కళ్లముందున్న పడవను కాదు, మనసులో తాను ఒరిగించి చూసుకొన్న పడవను.

డ్రాఫ్ట్ = పడవ నీటిలోకి దిగే లోతు. నలభై అడుగుల తరగతి హాల్బెర్గ్-రాసీకి ఇది సుమారు రెండు మీటర్లు. ఎక్కువ = ఎవరికి? కీల్ లోతుగా ఉంటే పడవ గాలికి ఎదురు బాగా పోతుంది, పక్కకు కొట్టుకుపోదు. స్వీడన్ రాతి తీరంలో ఒడ్డు పక్కనే లోతు ఉంటుంది, అక్కడివారు పడవ ముక్కును బండకు ఆనించి కట్టేస్తారు. చెసపీక్ బే సగటు లోతు 21 అడుగులే, లోపలి పాయల్లో అంతకూడా ఉండదు. అడుగున బురద.

తాత్పర్యం. దోషం పడవది కాదు, వక్త రేవుది. పాటు వేళ అతని ఇంటి వెనక పాయలో అయిదున్నర అడుగుల నీళ్లుంటాయి, అక్కడ చాలా ఏళ్లనాటి ఫైబర్‌గ్లాస్ పడవ కట్టి ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు కాబట్టి అది కొత్త పడవ కొనడానికి సాకు ఇవ్వదు.

పూర్వపక్షం. అలాగైతే జంట పొట్టల కాటమరాన్ కొనవచ్చు గదా? కేప్‌టౌన్‌లో కట్టే లెపర్డ్ గానీ ఫ్రెంచి లగూన్ గానీ నాలుగు అడుగుల చిల్లర నీటిలో తేలుతుంది, పెద్దగా ఒరగదు, కాఫీ ఒలకదు. సిద్ధాంతం: వెడల్పు ఇరవై అడుగులు దాటుతుంది, రేవులో దాన్ని కట్టే చోటు దొరకడం కష్టం, ఎదురుగాలికి ఒంటి పడవంత బాగా పోదు. ఫ్లారిడాలో తయారైన ఐలండ్ ప్యాకెట్ సంగతేమిటి? పొడుగాటి కీల్, అయిదడుగుల దరిదాపు డ్రాఫ్ట్, అన్నీ కుదిరాయి. కానీ నెమ్మది. నెమ్మదన్నది నావికులు ఎదుటివాడి పడవకు మాత్రమే అన్వయించే విశేషణం.

పాఠాంతరాలు. ‘కాకపోతే మాస్ట్ ఎత్తు’ అని ఒక పాఠం. ఇది చలికాలంలో ఫ్లారిడాకు పోయేవారిది: తీరం లోపలి జలమార్గం మీది స్థిర వంతెనల కింద ఖాళీ 65 అడుగులని ప్రమాణం. ‘కాకపోతే ధర’ అన్నది మరో పాఠం. మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి పెట్టుకొన్న నియమాన్ని ఇక్కడ కొంచెం సడలించక తప్పదు, ఎందుకంటే ఈ పాఠం సభలో ఎవరి నోటా వినబడదు. అయితే అమ్మకందారు ఇచ్చిన ధరల కాగితం నాలుగు మడతలతో వక్త జేబులోనే ఉంటుంది కాబట్టి, అసలు మూలం ఇదేనని వ్యాఖ్యాతల నిర్ణయం.