తరుగు తీసిన భిన్నం

సర్కారు బడికి డిజిటల్ బోర్డు వస్తే ముందు జరిగేది పాఠం కాదు, పూజ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. కొబ్బరినీళ్లు ప్లగ్గులో పడతాయేమోనని హెచ్‌ఎం గారి కేకలు. తర్వాత దుమ్ము పడకుండా దుప్పటి కప్పుతారు. అధికారులెవరో వస్తున్నారని కబురందితేనే ఆ దుప్పటి లేస్తుంది. అప్పుడు చెప్పే పాఠం ఎప్పుడూ భిన్నాలే. రంగురంగుల వృత్తాలు, వేలు తగిలితే విడిపోయే ముక్కలు. గుమ్మంలోంచి చూసినా చదువు దంచేస్తున్నట్టే కనిపిస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య బదిలీల మీద తిరుగుతూ భిన్నాలు చెప్పుకొస్తున్న పంతులును నేను. బోర్డును వెక్కిరించే ఉద్దేశం లేదు. సుద్దముక్కతో నేను గీసే వృత్తం వంకాయలా వస్తుంది. దాన్ని రెండు చేయొచ్చు, నాలుగు చేయొచ్చు. మూడు సమాన భాగాలు చేయడం మాత్రం బ్రహ్మతరం కాదు. పెద్ద ముక్క నాకంటే నాకని పిల్లలు కొట్టుకునేవాళ్లు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ‘ఫెట్’ అనే వెబ్‌సైటు ఒకటుంది. నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు, పైసా ఖర్చు లేదు. అందులో భిన్నాల ఆట తెరిస్తే మూడో వంతులు మూడూ ఒక్క తీరుగా వస్తాయి. కొట్లాటకు తావే లేదు.

ఎనిమిదో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే పిల్లలు ఎనిమిదికే ఓటేస్తారు. తెర మీద ముక్క మీద ముక్క పేర్చి చూపిస్తే చిటికెలో సర్దుకుంటారు. అయినా ఇది మన పిల్లలకే పట్టిన జబ్బు కాదు. 1980లలో అమెరికాలో ఎ అండ్ డబ్ల్యూ అనే కంపెనీ, మెక్‌డొనాల్డ్స్ వాళ్ల పావు పౌండు బర్గర్‌కు పోటీగా మూడో వంతు పౌండు బర్గర్ పెట్టింది. మూడు కన్నా నాలుగు పెద్దది కదా, తక్కువ మాంసానికి అంతే డబ్బు ఎందుకివ్వాలని జనం మొహం తిప్పుకున్నారట. అప్పటి యజమాని ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్ స్వయంగా రాసుకున్న గోడు ఇది.

తెర మీది భిన్నాలకు పీజాలన్నా కేకులన్నా మహా ఇష్టం. పదకొండో శతాబ్దంలో మన పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెస్తూ జైన ఉదాహరణలు తీసేసి శైవ ఉదాహరణలు పెట్టుకున్నాడు. యాప్‌లు చేసేవాళ్లు ఆయన దారి పట్టి ఉంటే మా పిల్లలకు ఈపాటికి సర్వపిండి దక్కేది.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి. ఒకరోజు నా ఫోన్‌ను బోర్డుకు కలిపి వీడియో పెట్టాను. సరిగ్గా సజాతి భిన్నాల దగ్గర మా ఆవిడ మెసేజ్ తెర మీద ప్రత్యక్షమైంది: “వచ్చేటప్పుడు అరకిలో చింతపండు, పావుకిలో ఎండుమిర్చి. మర్చిపోతే ఇంటికి రావద్దు.” తరగతంతా ఒకే గొంతుతో చదివి, “మొత్తం ముప్పావు కిలో సార్!” అని లెక్క తేల్చేసింది. విజాతి భిన్నాల కూడికను అంత వేగంగా ఏ వీడియో నేర్పలేదు.

మా ఊళ్లు ఎప్పుడూ బోర్డుతో పేచీ పెడుతూనే ఉంటాయి. సూర్యాపేటలో సగం, సగం కలిపితే ఒకటని చూపించాను. హైవే మీద టీకొట్టు నడిపేవాళ్ల పిల్లాడు ఒప్పుకోలేదు. “వన్ బై టూ అంటే ఇద్దరికీ ముప్పావు గ్లాసు పోస్తడు సార్ మా నాయిన.” వాడి లెక్కన ఒకటిన్నర.

మిర్యాలగూడలో వందలో మూడింట రెండు వంతులు ఎంతని అడిగితే బోర్డు 66.67 అంది. ఓ మిల్లు గుమాస్తా కూతురు లేచింది. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం ఇవ్వాలన్నది సర్కారు లెక్క. “బోర్డు గూడ తరుగు తీసిందా సార్?” అంది.

కోదాడలో ఎకరాన్ని ముగ్గురు అన్నదమ్ములకు పంచాం. నలభై గుంటలు; తలా పదమూడు, పైన మూడో వంతు గుంట. బోర్డు చక్కగా గీతలు గీసింది. ఓ పిల్లాడు అది చూసి, “ఆ మూడో వంతు కాడనే మా నాయినకు, పెదనాయినకు మాటల్లెవ్. బోర్డును ఒకసారి పొలం కాడికి తేరాదా సార్?” అన్నాడు. అంతలో వెనక బెంచీ నుంచి మరో గొంతు: “రెండు క్వార్టర్లు కలిస్తే హాఫ్ కాదు సార్, 15 ఎంఎల్ తక్కువైతది.” నూట ఎనభై రెట్టిస్తే 360, హాఫ్ 375. లెక్క తప్పు పట్టలేం. ఎలా తెలుసని మాత్రం నేను అడగలేదు.

బోర్డు మీద ముక్కలే మారతాయి, వృత్తం మారదు. మా ఊళ్లలో ముక్కతో పాటు వృత్తమూ కదులుతుంటుంది: గ్లాసు మారుతుంది, బస్తా మారుతుంది, గెట్టు జరుగుతుంది. అందుకే మా పిల్లలు ముక్కను నమ్మేముందు దాని అసలును వెతుకుతారు.

పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పాలని సర్కారు పెట్టిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలయ్యాక ఓ అధికారి తనిఖీకి వచ్చి, వెలుగుతున్న బోర్డు పక్కన నిలబడి అడిగారు: “నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?”

ముందు బెంచీ పిల్ల లేచింది. “దేంట్ల సార్?”

“దేంట్లో ఏంటమ్మా?”

“గుంటల నాలుగో వంతు కంటే ఎకరంల ఎనిమిదో వంతు పెద్దది గద సార్.”

ఆయన కాసేపు ఆ పిల్ల వంక, కాసేపు నా వంక చూసి, రిజిస్టరు తెరిచి రాశారు: “విద్యార్థులకు భిన్నాలపై అవగాహన పెంచవలెను. బోర్డు పనితీరు సంతృప్తికరం.”