జిరాక్స్ దుకాణపు గోడశాసనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింది మండల కేంద్రమైన త్రిపురారం మొదలుకొని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట బస్టాండ్ల దాకా, జిరాక్స్ దుకాణాలలోనూ నెట్ సెంటర్లలోనూ ఏ4 కాగితంపై అచ్చయి, సెల్లోటేపుతో గోడకు అంటుకుని, కొద్దిపాటి పాఠభేదాలతో కనిపించే వాక్యాలను ఒకచోట చేర్చి స్థిరపరచిన పాఠమిది. దీనికి కర్త ఒకడు కాడు, ప్రయోజనం మాత్రం ఒక్కటే: దుకాణంలోని కంప్యూటరు సాయంత్రం దాకా పనిచేయడం. పాసుపుస్తకం నకలుకు వచ్చిన రైతు గాని, హాల్‌టికెట్టుకు వచ్చిన విద్యార్థి గాని దీనిని చదవరు కనుకనే వ్యాఖ్యానం అవసరమైంది.

మూలం:
పెన్‌డ్రైవ్ అడిగి పెట్టవలెను.
స్కాన్ చేయనిదే తెరవబడదు.
వైరస్ వచ్చినచో మాకు సంబంధం లేదు.
అప్పు అడగరాదు.

టీక: పెన్‌డ్రైవ్ = బొటనవేలంత ఉండి, యూఎస్‌బీ రంధ్రంలో దూర్చగానే తనలోని ఫైళ్లను కంప్యూటరుకు చూపే నిల్వ పరికరం; మెమరీ కార్డు, ఫోను కేబులు కూడా ఉపలక్షణంగా ఇందులోకే వస్తాయి. విండోస్ ఎక్స్‌పీ ఏలిన కాలంలో ఆటోరన్ అనే సదుపాయం ఉండేది. సీడీ పెట్టగానే అందులోని ప్రోగ్రాము దానంతటదే మొదలు కావాలన్న మంచి ఉద్దేశంతో పెట్టినదే అయినా, ఆ పేరుతో నాలుగు పంక్తుల ఫైలొకటి పెన్‌డ్రైవ్‌లో చేరితే చాలు, డ్రైవు గుర్తుపై రెండుసార్లు నొక్కిన వెంటనే వైరస్ లేచి కూర్చునేది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోసులకు సైతం అప్‌డేట్ పంపి పెన్‌డ్రైవుల విషయంలో ఈ సదుపాయాన్ని తొలగించింది. అప్‌డేట్ ముఖం చూడని యంత్రాలలో మాత్రం అది నిక్షేపంగా కొనసాగింది.

ఆ దారి ఇరుకైన తరువాత రాజ్యమేలినది షార్ట్‌కట్ వైరస్. విద్యార్థి తన పెన్‌డ్రైవ్‌ను తెరిచి చూస్తే ‘ప్రాజెక్ట్’ అనే ఫోల్డరు ఉండవలసిన చోటే ఉంటుంది, కాని బొమ్మకు ఎడమవైపు కింది మూలన చిన్న వంకర బాణం ఉంటుంది, పరిమాణం ఒకటి రెండు కేబీలకు మించదు; అది ఫోల్డరు కాదు, ఫోల్డరు వేషం కట్టిన షార్ట్‌కట్. నొక్కితే అసలు ఫోల్డరే తెరుచుకుంటుంది కనుక అనుమానం రాదు, అదే నొక్కుతో వెనుక ఒక స్క్రిప్టు నడిచి కంప్యూటరులో స్థిరపడి, ఆ తరువాత వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌కూ ఇదే వేషం కట్టిస్తుంది. అసలు ఫోల్డరు ఎక్కడికీ పోదు, ‘దాచబడినది’ అన్న గుర్తు తగిలించుకుని అక్కడే ఉంటుంది. విశేషమేమంటే, పేరుకు ముందు చుక్క ఉన్నవాటిని మాత్రమే దాచడం లినక్స్ ఆచారం కావడం వల్ల, అదే పెన్‌డ్రైవ్‌ను లినక్స్ యంత్రానికి పెడితే దాగిన ఫోల్డరు, దాని వేషధారి, సూత్రధారి అయిన స్క్రిప్టు, మూడూ పక్కపక్కనే బట్టబయలవుతాయి. “అంతా పోయింది, ఫార్మాట్ కొట్టాలి” అన్న తీర్పు చెప్పే ముందు చేయదగిన పరీక్ష ఇది.

అడిగి = అనుమతి పొంది. ఎవరిని అడిగి అన్నది మూలంలో లేదు. దుకాణదారును అని సామాన్యులు అన్వయించుకుంటారు. శాస్త్రజ్ఞుల అన్వయం వేరు. అడగడం, అడిగించుకోవడం అన్న ఈ వ్యవహారంలోనే ఆపరేటింగ్ సిస్టముల భేదమంతా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ అనగా యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ కూర్చుని, ఎవరికి ఏది ముట్టుకునే హక్కు ఉందో నిర్ణయించే మూల ప్రోగ్రాము. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే వాతావరణంలో పెరిగినందున, ఒకరి ఫైళ్లను మరొకరు ముట్టకుండా ఉండే మర్యాదను మొదటినుంచీ పాటించింది. ఆ మర్యాదనే లినక్స్, మ్యాక్ అనుసరించాయి. డాస్ మీద నడిచిన తొలి విండోసులు ఇంటికి ఒక్కడే యజమాని అన్న ఊహతో సాగాయి. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో హక్కుల విభజన పకడ్బందీగానే ఉన్నా, దాని వంశంలోని ఎక్స్‌పీ ఇళ్లలోకి వచ్చేసరికి ప్రతివాడూ అడ్మినిస్ట్రేటరు, అనగా సర్వాధికారి, అయి కూర్చున్నాడు. 2007లో విస్టాతో పాటు, “ఈ ప్రోగ్రాము మార్పులు చేయబోతోంది, అనుమతిస్తారా” అని నిలదీసే పద్ధతి ఇళ్లకు చేరింది. లినక్స్ అదే సందర్భంలో పాస్‌వర్డు అడుగుతుంది. అడిగే తీరు మారింది గాని, అడిగిన ప్రతిసారీ సరే అనే వేలు మారలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సర్వాధికారం లేకపోయినా వైరస్‌కు చేయదగిన పని చాలా మిగులుతుంది, ఎందుకంటే వాడుకరి సొంత ఫైళ్లను చెడగొట్టడానికి వాడుకరి హక్కులే చాలు. విండోస్‌ను మళ్లీ వేయించవచ్చు, దుకాణాలలో అది పూటపని; పిల్ల పెళ్లి ఫొటోలను మళ్లీ వేయించలేరు.

స్కాన్ = యాంటీవైరస్ చేసే సోదా. తెలిసిన వైరసుల ఆనవాళ్ల జాబితాతో ఫైళ్లను పోల్చడం దీని ప్రధాన పద్ధతి. నేటివి ప్రవర్తనను కూడా గమనిస్తాయి. జాబితా పాతబడితే సోదా నామమాత్రం, గడువు తీరిన యాంటీవైరస్ గుర్తు తెర మూలన ఎర్రగా వెలుగుతూ ఉంటే అది అలంకారం. కాపలాదారు మీద అతి నమ్మకానికి ప్రత్యుదాహరణ 2024 జులై 19న దొరికింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ఒక్కటి, ఏ వైరసూ లేకుండానే, ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలితెరతో కూలదోసింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. తెరవబడదు అన్న కర్మణి ప్రయోగాన్ని వ్యాకర్తలు మెచ్చరు, దుకాణదారులు మెచ్చుతారు.

వైరస్ = ఇతర ప్రోగ్రాములకో, డిస్కు మొదటి భాగానికో అంటుకుని తన ప్రతులను తానే పెంచుకునే ప్రోగ్రాము. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు సోదరులు రాసిన ‘బ్రెయిన్’ పీసీ వైరసులలో ఆద్యమైనది. అందులో వారు తమ పేర్లు, చిరునామా, ఫోను నంబరు కూడా పెట్టారు, అంతటి నిజాయితీ తరువాతి వారిలో కనిపించదు. దుకాణ పరిభాషలో మాత్రం వైరస్ అనగా కంప్యూటరుకు వచ్చిన ఏ కష్టమైనా. ర్యామ్ చాలకపోవడం, ఫ్యానులో దుమ్ము పేరుకోవడం కూడా ఇందులో అంతర్భాగాలే. శాస్త్రంలో, ఎవరూ నొక్కకుండానే నెట్‌వర్కు వెంట పాకేది వర్మ్, మంచి ప్రోగ్రాము ముసుగులో వచ్చేది ట్రోజన్, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగేది రాన్సమ్‌వేర్.

ఈ భేదం తెలియకపోతే ప్రథమ పాదానికే భంగం వాటిల్లుతుంది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విజృంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల కంప్యూటర్లు కొన్ని దాని పాలబడ్డాయి. అక్కడ పెన్‌డ్రైవ్ ఎవరూ పెట్టనక్కరలేదు, ఎవరినీ ఎవరూ అడగనక్కరలేదు. ఫైళ్లు పంచుకునేందుకు విండోస్ తెరిచి ఉంచే దారిలోని లోపం గుండా అది యంత్రం నుంచి యంత్రానికి దానంతటదే పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ దాడికి రెండు నెలల ముందే, మార్చి 14న, మరమ్మతు విడుదల చేసింది. దెబ్బతిన్న వాటిలో అత్యధికం కాలం చెల్లిన ఎక్స్‌పీలు కావు, మరమ్మతు అందుబాటులో ఉండీ వేసుకోని విండోస్ 7 యంత్రాలు. క్రాక్ చేసిన విండోస్ వేయించుకుని, గుట్టు బయటపడుతుందని అప్‌డేట్లు ఆపించే అలవాటు ఎంత ఖరీదైనదో దీనివల్ల గ్రహించాలి.

పూర్వపక్షం: విండోస్‌కే ఈ బాధలు, లినక్స్‌కూ మ్యాక్‌కూ వైరస్ రాదు కదా అని కొందరు. అది సరికాదు. 1988లో ఇంటర్నెట్‌ను తొలిసారి కుదిపిన మోరిస్ వర్మ్ పాకినది యూనిక్స్ యంత్రాలలోనే. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే ట్రోజన్ 6 లక్షలకు పైగా మ్యాకులను పట్టింది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము తన సైన్యంలో చేర్చుకున్నది లినక్స్ మీద నడిచే సీసీ కెమెరాలను, రౌటర్లను, అదీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డు మార్చని కారణం చేత. మిర్యాలగూడ రైస్ మిల్లు గేటు మీది కెమెరా కూడా ఆ జాతిదే కనుక, దాని పాస్‌వర్డు నేటికీ అడ్మిన్ అయితే మిల్లు యజమాని ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగవచ్చు.

సిద్ధాంతం: భేదం లేదనడం కూడా తప్పే. లినక్స్‌లో ప్రోగ్రాములు సాధారణంగా పరిశీలించిన భాండాగారం నుంచి వస్తాయి, విండోస్‌లో ఎక్కడెక్కడి నుంచో దించుకోవడం పరిపాటి. ఇంటి కంప్యూటర్లలో విండోస్ సంఖ్య ఎక్కువ కనుక దొంగల శ్రమ కూడా అటే మొగ్గుతుంది. స్వేచ్ఛ సంస్థ తెలుగులో రూపొందించిన లినక్స్ పాఠశాలల్లో మరింత వ్యాపించి ఉంటే షార్ట్‌కట్ వైరస్‌కు ఇన్ని ఆశ్రయాలు దొరికేవి కావన్నది ఈ వ్యాఖ్యాత పక్షం.

త్రిపురారం పేరు చూసి, మయుడు కట్టిన మూడు పురాలే ఈ మూడు సిస్టములని, ధరను బట్టి బంగారు పురం మ్యాక్ అని, సర్వర్లను మోసే ఇనుప పురం లినక్స్ అని, మిగిలిన వెండిది విండోస్ అని చెప్పబోయేవారు ఉంటారు. వ్యాఖ్య సాగదీసినదే అయినా ఒకటి కుదురుతుంది: మూడింటినీ ఒకే వరుసలో గుచ్చే బాణం వాడుకరి అంగీకారం. పీఎం కిసాన్ అని, పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు పడేది ఆండ్రాయిడ్ ఫోనులో. ఆండ్రాయిడ్‌కు మూలం లినక్స్ కెర్నలే. తెలియని చోటి యాప్ వేయవచ్చునా అని ఫోను అడుగుతుంది, మెసేజ్‌లు చదవనివ్వాలా అని మళ్లీ అడుగుతుంది. రెండింటికీ సరే అన్నాక బ్యాంకు ఓటీపీ ఫోను యజమాని కంటే ముందు దొంగకు చేరుతుంది. అప్పుడు ఫోను చేయవలసిన సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930, అది కూడా వెంటనే.

మాకు సంబంధం లేదు = నష్టానికి బాధ్యత లేదు. ఇది దుకాణదారు మొండితనమని చదువరులు భావించరాదు. వారంటీ ఏదీ లేదని లినక్స్‌తో వచ్చే జీపీఎల్ లైసెన్సు పెద్దక్షరాలలో చెబుతుంది; మైక్రోసాఫ్ట్ ఒప్పందం తన బాధ్యతకు అనేక క్లాజులతో హద్దులు గీస్తుంది; చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కిన వాక్యాన్నే శాసనకర్త నాలుగు మాటలలో తెలుగు చేశాడు.

అప్పు అడగరాదు = స్పష్టం. ప్రథమ పాదంలో అడగమని, చతుర్థ పాదంలో అడగవద్దని చెప్పడం విరోధంలా తోచినా, విషయభేదం ఉన్నందున దోషం లేదు. ఈ పాదంలో వానాక్రై కన్నా శాసనకర్తే కఠినుడు: అది 300 డాలర్లు కట్టడానికి మూడు రోజుల గడువిచ్చి, ఆ తరువాతే రెట్టింపు చేసింది.