వ్యానుకు పట్టిన చలి

మన ఊళ్లల్లో బండికి వచ్చే జబ్బు ఒక్కటే, హీటు. రోడ్డు పక్కన బండి ఆపుకుని, చేతిలో నీళ్ల సీసాతో ఎవరైనా దిగాలుగా నిలబడితే దారినపోయే ప్రతివాడికీ రోగమూ తెలుసు, మందూ తెలుసు. అదే "మా ఇంజను వేడెక్కడం లేదండీ" అని చెప్పి చూడండి. ఒంట్లో బాగానే ఉందని ఫిర్యాదు చేయడానికి డాక్టరు దగ్గరికొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

మాది 1998 నాటి మారుతీ ఓమ్ని. 1984లో మారుతీ వ్యానుగా పుట్టి, 1988లో పేరు మార్చుకుని, 2019 దాకా తయారైన ఆ డబ్బాను తెలుగువాళ్లకి పరిచయం చేయక్కర్లేదు. బడిపిల్లలూ, పాలక్యాన్లూ, పెళ్లివారూ, సినిమాల్లో కిడ్నాపులూ అన్నీ అందులోనే నడిచాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి, ఎండాకాలం నర్సీపట్నం నుంచి విశాఖ వెళ్తే ముందు కూర్చున్నవాడు దిగేసరికి సగం ఉడుకుతాడు.

మా బండిలో ఆ బాధ లేదు. హీటు మీటరు ముల్లు 'సి' అక్షరాన్ని పట్టుకుని వేలాడేది. లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు మొహమాటానికి కాస్త లేచేది, దిగేటప్పుడు మళ్లీ పడుకునేది. "బావగారూ, మీది ఏసీ బండండీ!" అని మా బావమరిది మురిసిపోయేవాడు. మురవక ఏం చేస్తాడు, పెట్రోలు పోయించేది నేను కదా. లీటరుకి 12 దాటడం గగనమైపోయింది. పొద్దున్నే లాగిన చోక్ బజారు దాటేదాకా లోపలికి తొయ్యడానికి లేదు. తోస్తే దగ్గు. ప్లగ్గులు విప్పితే మసి. ఆయిలు పోసే మూత తిప్పి చూస్తే, అడుగున తెల్లగా, చిక్కగా మీగడ.

ఆ మీగడ చూసి వీధిలో ముగ్గురు "హెడ్ గ్యాస్కెట్ పోయిందండీ" అని సంతాపం తెలిపారు. రేడియేటర్లో నీళ్లు తగ్గడం లేదు, అందులో ఆయిలు తేలడం లేదు, అయినా సంతాపం ఆగదు. అసలు విషయం ఇంకోటి. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను బాగా కాగితే అది బయటికి పోతుంది. కాగకపోతే మూత కింద చేరి, ఆయిల్లో కలిసి మీగడ కడుతుంది. సరిగా ఆవిరి కాని పెట్రోలేమో సిలిండరు గోడల వెంట కిందికి జారి ఆయిల్ని పలచన చేస్తుంది. హీటెక్కిన ఇంజను నలుగురికీ తెలిసేలా గోల చేసి పోతుంది. చలి పట్టింది మాత్రం ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి అరుగుతుంది.

ముందు ముల్లు నిజం చెబుతోందా అని చూశాను. ఇంజను మీది సెన్సారు వైరు పీకి ఇనుముకి తాకించగానే ముల్లు లేచి 'హెచ్' దగ్గర నిలబడింది. మీటరూ, వైరూ బాగానే ఉన్నాయన్నమాట. మర్నాడు తెల్లారి ఇంజను స్టార్టు చేసి, రేడియేటరుకి వెళ్లే పై గొట్టం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఇంజను కాగేదాకా నీళ్లని రేడియేటరుకి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు లోపల ఉంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా చుర్రుమనాలి. మా గొట్టం మొదట్నుంచీ ఉండీ లేనట్టు గోరువెచ్చగా ఉంది. చివరికీ అంతే.

మెకానిక్ దగ్గరికెళ్లాను.

"ఇందులో వాల్వు ఉందా?"

"వాల్వేటి మేష్టారూ! ఎప్పుడో తీసీసాను కదా. ఫ్యాను కూడా డైరెక్టు ఇచ్చీసాను, తాళం తిప్పితే తిరుగుద్ది. మీ దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు."

తిడదామంటే నోరు రాలేదు. ఉచితంగా చేసిన ఉపకారానికి ఏమని తిడతాం? స్పేరు పార్టుల కొట్టువాడు ఇంకో అడుగు ముందుకేశాడు. "వాల్వా? తీయించుకునేవోళ్లే గానీ, యేయించుకునేవోళ్లు లేరండి మన దగ్గర." దుమ్ము దులిపి, పై అరలోంచి ఒక చిన్న అట్టపెట్టె తీశాడు. దాని మీద 82 అని అంకె.

చూడ్డానికి ఏమీ లేదు. రాగి రంగు బుడ్డి, ఒక స్ప్రింగు, చిన్న మూత. బుడ్డిలో మైనం ఉంటుంది. నీళ్లు కాగితే మైనం కరిగి ఉబ్బి, పుల్లను తోసి, మూత తెరుస్తుంది. చల్లారితే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. 1930ల్లో సెర్జియస్ వెర్నె అనే ఆయన రూపమిచ్చిన ఏర్పాటిది, ఇప్పటికీ కోట్ల బండ్లలో అదే నడుస్తోంది. మన షెడ్లలో మాత్రం అది అడ్డు.

ఫిజిక్సు చెప్పిన చెయ్యి ఊరుకోదు కదా. పాత థర్మామీటరు వెతికి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. వాల్వు మూతిని బలంగా నొక్కి, సందులో దారం ఇరికించి, ఆ దారంతోనే నీళ్లలో వేలాడదీశాను.

"ఏమండీ, ఏమిటది?"

"వాల్వు."

"ఉడికిందా?"

"ఇంకా లేదు. ఎనభై రెండు దాటాలి."

"ఈపాటికి కందిపప్పైతే మూడు విజిల్సు వచ్చేవి" అని మా ఆవిడ వెళ్లిపోయింది, ఆ గిన్నెలో ఇక టీ పెట్టేది లేదని తేల్చి చెప్పి.

ఎనభై దాకా ఉలుకూ పలుకూ లేదు. ఎనభై మూడు దగ్గర వాల్వు నోరు తెరిచింది, దారం జారింది, అది గిన్నె అడుగున టింగుమని పడింది. తొంభై అయిదుకి చిటికెన వేలు పట్టేంత సందు. నలభై మంది పిల్లలున్న క్లాసులో ఏ ప్రయోగమూ నాకింత శుభ్రంగా జరగలేదు.

"మీ ఇష్టం మేష్టారూ, ఇంజను పోతే నన్ననకండి" అని హామీ పుచ్చుకున్నాకే మెకానిక్ దాన్ని బిగించాడు. అందులో గాలి పోవడానికి ఉండే బుల్లి కన్నం పైకి రావాలని నేను, ఏ పక్కనుంటే ఏటని అతను, కాసేపు వాదించుకున్నాం. ఫ్యానుని మళ్లీ దాని స్విచ్చికే అప్పగించాం. కొత్త కూలెంటు పోసి, ఇంజను తిరుగుతుండగా బుడగలు ఆగేదాకా కాచుకున్నాం.

ఇప్పుడు ముల్లు సగానికి వచ్చి నిలబడుతోంది. చోక్ వీధి చివరికల్లా లోపలికి పోతోంది, లీటరుకి 15 వస్తోంది. మా బావమరిదికి మాత్రం బండి పాడైపోయింది. సీటు కాలుతోందని వెనక్కి మారి, నేను మంచి బండిని చేతులారా చెడగొట్టానని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. డిసెంబరులో లంబసింగి మంచు చూద్దామని చీకటితోనే బయల్దేరాం. ఘాట్ మధ్యలో పళ్లు టకటకలాడుతుంటే వెనక సీట్లోంచి అడిగాడు, "అక్కా, కాసేపు నువ్వు వెనక కూర్చోకూడదూ?"

మా ఆవిడ సీటుకింకా అతుక్కుని, శాలువా సర్దుకుంది.