వెనకవైపు చూడొద్దు

చేతిరుమాలు బహుమతిగా ఇస్తే స్నేహం చెడుతుందని మా అమ్మ నమ్మకం. సూది ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటే గొడవలవుతాయని మా అత్తగారి నమ్మకం. సూదితో పువ్వులు కుట్టిన చేతిరుమాళ్లు స్నేహితురాలికి పంపుకునే నాలాంటిది ఈ ఇద్దరి మధ్యా ఎలా బతకాలో మీరే చెప్పండి. విరుగుడు కూడా వాళ్లే చెప్పారనుకోండి. ఊరికే తీసుకోకూడదట, ఒక్క రూపాయైనా ఇచ్చి కొనుక్కున్నట్టు తీసుకోవాలట. అందుకని పార్శిల్ అందగానే అది నాకు ఫోన్‌పేలో రూపాయి కొడుతుంది. దాని పార్శిల్ అందితే నేను దానికి కొడతాను. బ్యాంకు స్టేట్‌మెంటు చూసి మావారు "ఈ రూపాయలేమిటి?" అని అడిగారు. వివరంగా చెప్పాను. అప్పట్నుంచీ ఆయన నా ఖాతా జోలికి రారు.

'అది' అంటే నా డిగ్రీ స్నేహితురాలు. కాకినాడ హాస్టల్లో ఒకే గది. పెళ్లయ్యాక అది ధార్వాడకి పోయింది, నేను నరసాపురం పక్కకొచ్చి పడ్డాను. మధ్యలో కృష్ణ, తుంగభద్ర అన్నీ ఉన్నా, 1972లో పిన్‌కోడు పెట్టినవాళ్లు రెండు చోట్లకీ ముందు 5 అంకే ఇచ్చారు. తపాలాశాఖ లెక్కలో మేమింకా రూమ్మేట్లమే.

హాస్టల్లో ఉండగా మా పని మోటుగా సాగేది. బటర్ పేపరు మీద బొమ్మ గీసి, గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి గుడ్డముక్కతో అద్దేవాళ్లం. కాగితం తీస్తే కింద బట్ట మీద నీలం చుక్కల్లో గులాబీ. వాసన మాత్రం గులాబీది కాదు. భోజనాల దగ్గర మా బల్లకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు కాబట్టి అప్పడాలు మాకే మిగిలేవి. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసుకుని కాడకుట్టుతో కాడ, గొలుసుకుట్టుతో ఆకు, మధ్యలో ముడికుట్టు. వెనకవైపు ఏముందో ఎవడికి కావాలి? పువ్వు నుంచి పువ్వుకి దారం తెంపకుండా లాక్కెళ్లిపోయేవాళ్లం. దానిదీ అంతే, నాదీ అంతే. అదీ స్నేహమంటే.

ధార్వాడ దాన్ని చెడగొట్టింది. అక్కడ పొరుగింటావిడ దగ్గర కసూతి నేర్చుకుంది. బొమ్మ అచ్చు వేసుకునే పనే లేదు, బట్టలో పడుగూ పేకా పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టడమే. ఇల్కల్ చీరల మీద గోపురాలు, రథాలు, తులసికోటలు, ఏనుగులు చూశారు కదా, అదే పని. అందులో గవంతి, ముర్గి అని రెండు కుట్లున్నాయి. వెళ్లేటప్పుడు ఒక కుట్టు వదిలి ఒక కుట్టు, వచ్చేటప్పుడు వదిలిన చోట్లు నింపుకుంటూ రావడం. ఎక్కడా ముడి వెయ్యరు. దాంతో గుడ్డని ఎటు తిప్పినా ఒకటే బొమ్మ. అసలు వెనకవైపే ఉండదు!

అది మొదటిసారి పంపిన గోపురం టీపాయి గుడ్డని అరగంట తిప్పి తిప్పి చూశాను. దారం కొస ఎక్కడ దాచిందో దొరకలేదు. మా వీధిలో లేసు అల్లే పిన్నిగారికి చూపించాను. ఆవిడ టీవీ సీరియల్లోంచి కళ్లు తిప్పకుండానే బల్లగుడ్డ అల్లేసే మనిషి. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు కూడా "ఇప్పుడు తెలిసిందా వాళ్లకి?" అని ఊరుకుంది. అలాంటావిడ గోపురాన్ని వేళ్లతో తడిమి, "నువ్వేం పంపుతావే దీనికి?" అంది. కొందరికి పుండు ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది.

మా ఇచ్చిపుచ్చుకోవడం వియ్యపురాళ్ల సారె లాంటిది. వచ్చినదానికి తగ్గకూడదు. ట్రే మీద వేసే గుడ్డ తీసుకుని నిండా నెమలిని కుట్టాను, పింఛమంతా సాటిన్ కుట్టు. ఫొటో పెడితే "అబ్బ, ఏం రంగులే!" అని రాసి, ఆ వెంటనే "వెనకవైపు ఫొటో పెట్టు" అంది. ముప్ఫై ఏళ్ల స్నేహంలో నన్నెవరూ ఇంత మాట అనలేదు. మనిషి ఇంటికొచ్చి హాల్లో కూర్చోవాలి గానీ అటక చూపించమంటుందా?

నేనేం తక్కువ తిన్నానా? నెమలి వెనక లేత పసుపు లైనింగు వేసేశాను.

ఇంతకుముందు రిజిస్టర్డ్ పోస్టు చేసేదాన్ని. 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. బరువు పెరిగినకొద్దీ ఛార్జీ పెరుగుతుంది, పైన జీఎస్టీ. లైనింగూ, మడత పడకుండా పెట్టిన అట్టముక్కా కలిసి నెమలి బరువు పెంచేశాయి. "లోపలేముందండీ?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. "నెమలి" అన్నాను. తూకం మీంచి చెయ్యి తీసేశాడు. గుడ్డ మీది నెమలని నమ్మించేసరికి నా వెనక లైను గుమ్మం దాకా పోయింది.

పార్శిల్ అందిన రోజు రూపాయి వచ్చింది గానీ ఫోను రాలేదు. సాయంత్రానికి వచ్చింది.

"లైనింగు వేశావేమే?"

"అందానికి."

"అందంగానే ఉంది. ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూశాను."

"ఊఁ."

"నెమలి మెడ నుంచి తోక దాకా ఒకటే దారం లాగావు కదూ? మధ్యలో ఏడు ముడులు కనిపించాయి. ఎనిమిదోది ముడో, మచ్చో తేలలేదు. విప్పి చూడనా?"

"విప్పావంటే నీ రూపాయి వాపసు!" అన్నాను.

మర్నాడే బట్టలకొట్టుకి వెళ్లాను. నల్లరంగులో, దళసరిగా, వెలుతురు అవతలికి దూరనిది కావాలన్నాను. కొట్టతను థాను మీద థాను దించి చూపించాడు. ఒక్కోదాన్నీ గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండకి పట్టి చూసుకున్నాను. "గొడుగుకా అమ్మా?" అని అడిగాడు. "చేతిరుమాలుకి" అన్నాను.