రెండు ఆడ గినీ పిగ్‌లు, ఒక హడావిడి యజమాని

ఒంటరిగా ఉన్న మీ ఆడ గినీ పిగ్‌కి తోడు తేవాలనుకున్నారు. మంచిదే. అవి మందలో బతికే జీవులు. స్విట్జర్లాండ్‌లోనైతే 2008 నుంచి ఒక్కదాన్నే పెంచడానికి చట్టం ఒప్పుకోదు. మనకా చట్టం లేదు గనక మీది సొంత పుణ్యం. దాన్ని ఒక్క పూటలో గంగపాలు చేసుకోవాలంటే ఈ సూచనలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. ఆడదో మగదో చూపించుకోవద్దు. షాపు కుర్రాడు ‘ఆడదే సార్’ అన్నాక పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లడం అతన్ని అవమానించడమే. ఒకవేళ మగదైతే 59 నుంచి 72 రోజుల్లో ఒళ్లంతా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పిల్లలు దిగుతాయి. కాన్పయిన కొన్ని గంటలకే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. ఇక మీ ఇంట్లో తోడుకు కొదవుండదు.

2. కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచమంటారు. వినకండి. దాని గజ్జి పురుగులు, దాని జలుబు పాతదానికి అంటుకుంటేనే కదా అన్నీ పంచుకున్నట్టు!

3. హాల్లో దుప్పటి పరిచి, రెండింటికీ కొత్తదైన చోట కలపడం చాదస్తం. పాతదాని పంజరాన్ని వెనిగర్‌తో తుడిచి వాసన పోగొట్టడం ఇంకా చాదస్తం. కొత్తకోడల్ని నేరుగా పెద్దకోడలి వంటింట్లోకి తోసి తలుపు వేసినట్టు, తిన్నగా లోపల పడేయండి.

4. ఏదైనా ఒక్కటే పెట్టండి. ఒకటే గడ్డికుప్ప, ఒకటే నీళ్ల సీసా, ఒకటే క్యాప్సికం ముక్క. మనలాగే వాటి ఒంట్లోనూ సి విటమిన్ తయారవదు, తిండిలోంచే రావాలి. బలమైనది రెండు వాటాలూ లాగించేస్తే రెండోదానికి ఉపవాస ఫలం దక్కుతుంది. గూటికి ద్వారం కూడా ఒకటే ఉండాలి. రెండుంటే తరుముతున్నప్పుడు చిన్నది అటునుంచి జారుకుంటుంది, మీకు వినోదం తగ్గుతుంది.

5. ఇప్పుడు అసలు ఘట్టం. పెద్దది గుర్రుమంటూ, నడుము ఊపుకుంటూ చుట్టూ తిరుగుతుంది. వెనక చేరి వాసన చూస్తుంది. తరుముతుంది. మీదెక్కుతుంది, ఆడదై ఉండి కూడా! విసిగిపోయిన రెండోది వెనక్కి గురిచూసి ఉచ్చ చిమ్ముతుంది. తర్వాత రెండూ ఎదురెదురుగా నిలబడి ఎవరి మూతి పైకి లేస్తుందో చూసుకుంటాయి. ఇదంతా ఇంట్లో ఎవరి మాట చెల్లాలో తేల్చుకునే పంచాయతీ. రక్తం కారనంత వరకు మీతో వాటికి పనిలేదు. అందుకే మీరు కచ్చితంగా దూరాలి. గుర్రుమన్న ప్రతిసారీ ‘అయ్యో తల్లీ’ అంటూ విడదీయండి. మళ్లీ కలిపినప్పుడు పంచాయతీ మొదటి వాయిదా నుంచి మొదలవుతుంది.

6. నిజంగా భయపడాల్సినప్పుడు మాత్రం నిమ్మళంగా ఉండండి. మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకుని, పళ్లు పటపటలాడిస్తూ, ఆవలించినట్టు నోరు తెరిచి చూపిస్తుంటే ‘పాపం, నిద్రొస్తోంది’ అని ఫొటో తీయండి. రెండూ ముద్దలా చుట్టుకుని కొరుక్కుంటుంటే ఉత్త చెయ్యి మధ్యలో పెట్టండి. మందపాటి తువ్వాలో చేటో అడ్డుపెట్టడం పిరికివాళ్ల పద్ధతి. ఆ గొడవలో ఉన్న పంటికి మీ వేలేదో, సవతి చెవేదో తెలియదు.

7. గడువు పెట్టండి. కొన్ని జంటలు గంటల్లో సర్దుకుంటాయి, కొన్నింటికి వారాలు పడుతుంది. మీవి సీరియల్ అయిపోయేలోగా సర్దుకోవాలి. సర్దుకున్నా నమ్మకండి. సుమారు 16 రోజులకోసారి ఎదకొచ్చినప్పుడు ఆ గుర్రు, ఆ తరుముడు మళ్లీ ఒక పూట నడుస్తాయి. ఆ పూటే ‘వీటికి పొసగదు’ అని తీర్పు చెప్పి, కొత్తదాన్ని షాపుకి తిప్పి పంపండి.

ఇన్ని చేసినా కొన్ని మొండి గినీ పిగ్‌లు ఒకే గడ్డికుప్పలో మూతులు పెట్టి నములుతూ కనిపిస్తాయి. దిగులు పడకండి. నలుగురినీ పిలిచి ‘నేనే కలిపాను’ అని చెప్పుకోండి. గడ్డి వేసింది మీరే కదా, ఆ మాత్రం హక్కుంది.