ఏడో నంబరు దగ్గర కుదుపు

మా మనవడు తాడేపల్లిగూడెం నిట్‌లో మెకానికల్ చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకి ఏలూరు వచ్చి, పవర్‌పేటలో మా అరుగు మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ఏంట్రా అంటే, రైలు మలుపు తిరిగేచోట చక్రమూ పట్టా అరగకుండా ఏం చెయ్యాలో ప్రాజెక్టు రాయాలట. ముప్పై నాలుగేళ్ళు పట్టాల వెంట నడిచిన మనిషి పక్కనే పళ్ళు కుట్టుకుంటూ కూర్చుంటే, వీడు కంప్యూటర్ని అడుగుతున్నాడు.

"అరగడం గురించి నన్నడగరా. ముందు నా మోకాళ్ళు చూడు" అన్నాను.

"మీ రోజులు వేరు తాతా" అన్నాడు. ఆ మాట నేననాలి గానీ వాడంటే ఎలా?

సరే, వేరే. మా రోజుల్లో ట్రాక్ మెయింటెయినర్ అనే మాట లేదు. గ్యాంగ్‌మన్, కీమ్యాన్, మేటు, మేస్త్రీ, పైన పీడబ్ల్యూఐ. మలుపుని ఎవడూ మలుపనలేదు, కర్వు అనేవాళ్ళం. నేను గ్యాంగ్‌మన్‌గా చేరి మేస్త్రీగా దిగాను. మా నాన్న మీటర్ గేజి మనిషి. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి వేసిన ఆ చిన్న లైను మీద పనిచేశాడు. అది తరవాత బ్రాడ్ గేజయింది, ఇప్పుడు జంట లైను, పైన కరెంటు తీగలు.

మన వైపు కర్వులెక్కడివి, అంతా బల్లపరుపు కదా అంటారు. నిజమే. ఏలూరు దాటాక దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు మీదుగా గూడెం దాకా మెయిన్ లైను చాలావరకు తాడు పట్టి గీసినట్టు పోతుంది. కానీ నిడదవోలులో భీమవరం లైను విడిపోయేచోటా, భీమవరంలో నరసాపురం లైను, గుడివాడలో బందరు లైను తిరిగేచోటా తిరగక తప్పదుగా. కొల్లేటికి దక్షిణాన కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల మధ్య కట్ట మీద పోయే లైను సంగతి వేరే చెప్పాలి. చెబుతాను.

ముందు ఎడ్లబండి సంగతి. వాడికి బండంటే తెలీదు గనక కాగితం మీద బొమ్మ వేసి చూపించాల్సొచ్చింది. బండి మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, లోపలిది తక్కువ. దేని దారి దానిది. రైలుకి ఆ సౌకర్యం లేదు. రెండు చక్రాలూ ఇరుసుకి బిగించేసి ఉంటాయి, ఒకటెంత తిరిగితే రెండోదీ అంతే. కర్వులో చూస్తే బయటి పట్టా పొడుగు. ఎంత పొడుగు? ఒక డిగ్రీ కర్వంటే 1750 మీటర్ల వ్యాసార్థం. రెండు పట్టాల నడినెత్తుల మధ్య దూరం సుమారు 1750 మిల్లీమీటర్లు. లెక్క నోటితోనే తేలిపోతుంది: కిలోమీటరు కర్వులో బయటి పట్టా లోపలి దానికంటే మీటరు ఎక్కువ.

మరి ఆ మీటరు ఎవరు సర్దాలి? చక్రమే. దాని నడక భాగం తిన్నగా ఉండదు, ఇరవైకి ఒకటి చొప్పున వాలు ఉంటుంది, కొన కొట్టేసిన గరాటులాగా. కర్వులోకి రాగానే ఇరుసు మొత్తం బయటికి జరుగుతుంది. బయటి చక్రం లావుపాటి చోట నడుస్తుంది, లోపలిది సన్నపాటి చోట. ఒక డిగ్రీ కర్వుకి నాలుగున్నర మిల్లీమీటర్లు జరిగితే చాలు, ఫ్లాంజి, అదే చక్రం లోపలి అంచు, పట్టాని తాకకుండానే బండి తిరిగిపోతుంది. జరగడానికి ఉన్న సందు అంతా కలిపి 19 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో వైపు తొమ్మిదిన్నర. కాబట్టి రెండు డిగ్రీల దగ్గర సందు అయిపోయినట్టే. అక్కణ్ణుంచి ఫ్లాంజి వెళ్ళి పట్టా చెంపని రాసుకుంటుంది. ఇంకా బిగువు కర్వయితే కీచుమని అరుస్తుంది. ఆ అరుపులో చక్రం కొంత పోతుంది, పట్టా కొంత పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పట్టా పక్కన కంకర మీద చూస్తే మినపపొట్టులా సన్నటి ఇనుప రజను.

మావాడు ఇదంతా విని "ఇది మా సిలబస్‌లో ఉంది తాతా" అన్నాడు. ఉంటుంది. రజను ఉండదు.

కందెన మాట కూడా వాడికి కొత్త. ఆముదంలో మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకి రాసేవాళ్ళని చెప్పాను. సుమతీ శతకకారుడు కందెన ఎత్తుకున్నది కరణాల మీదైనా, రైలు మీద కూడా చక్కగా అతుకుతుంది. మాకు గ్రాఫైటు కలిపిన గ్రీజు డబ్బాల్లో వచ్చేది. నల్లగా, జిగటగా, చొక్కాకి అంటితే చాకలి కూడా చేతులెత్తేసేలా. 600 మీటర్లు, అంతకంటే బిగువు కర్వులకి గ్రీజు పెట్టాలని రూలు. పెట్టాల్సింది బయటి పట్టాకి, అదీ లోపలి చెంపకి, కర్వు మొదలయ్యే ముందు నుంచీ. పైన నెత్తికి మాత్రం చుక్క అంటకూడదు. అంటిందా, ఇంజను చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, బ్రేకు వేస్తే జారుతుంది. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉత్సాహం కొద్దీ అన్నానికి నెయ్యి వేసినట్టు నెత్తికి కూడా పూశాడు. ఆ రోజు గూడ్సు డ్రైవరు కిందికి దిగి మా వంశాన్నంతా పేరుపేరునా తలుచుకున్నాడు. గుడ్డతో, ఇసకతో నెత్తి తుడవడానికి పూటంతా పట్టింది. ఆ కుర్రాడు నేనే. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక పొదుపు సంగతి. చెంప అరిగిన పట్టాని పారేసేవాళ్ళం కాదు. మెయిన్ లైన్లలో కర్వు పట్టా పక్కకి 8 మిల్లీమీటర్లు, తక్కువ రద్దీ లైన్లలో 10 దాకా అరగొచ్చని హద్దు. ఆ హద్దుకి రాకముందే బయటి పట్టా తీసి లోపలికి, లోపలిది తీసి బయటికి వేసేవాళ్ళం. చివరలు తిప్పనక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. అరిగిన చెంప బయటివైపుకి పోతుంది, అరగని చెంప చక్రానికి ఎదురొస్తుంది. మా ఆవిడ నా పంచె చిరుగు లోపలి మడతలోకి పోయేట్టు కట్టుకోమన్నట్టే. చక్రానికి ఈ వెసులుబాటు లేదు. ఫ్లాంజి సన్నబడితే లేతు మీద పెట్టి మళ్ళీ ఆకారం తేవాలి. సన్నబడిన ఒక్క మిల్లీమీటరు తిరిగి తేవడానికి చక్రం చుట్టూ అంతకు ఎన్నో రెట్లు మంచి ఇనుము చెక్కేస్తారు. కొత్తప్పుడు 915 మిల్లీమీటర్ల పెట్టె చక్రం అలా చిక్కుతూ చిక్కుతూ పోతుంది. పదిపైసల గ్రీజు మిగిల్చి పదివేల చక్రం పోగొట్టుకోవడమంటే ఇదే.

ఇక అసలు తగువు ఎత్తు దగ్గర. కర్వులో బయటి పట్టాని కాస్త ఎత్తు పెడతాం. పుస్తకంలో క్యాంటు. ఎంత ఎత్తు పెట్టాలన్నది బండి వేగాన్ని బట్టి. ఒక డిగ్రీ కర్వులో వేగాన్ని వేగంతో గుణించి 127తో భాగిస్తే మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. అరవైలో పోయే గూడ్సుకి 28. నూటముప్పైలో పోయే వందే భారత్‌కి 133. లైను మాత్రం ఒకటే! గూడ్సు కోసం పెడితే వందే భారత్ బయటి పట్టా చెంప మీద పడుతుంది. వందే భారత్ కోసం పెడితే బరువు బళ్ళు లోపలి పట్టా నెత్తి మీద కూర్చుని దాన్ని చదును చేసేస్తాయి. మధ్యేమార్గంగా 75 మిల్లీమీటర్లు తక్కువైనా ఓర్చుకోవచ్చని లెక్క. అంటే 58 పెడితే వందే భారత్ సర్దుకుంటుంది, గూడ్సుకి ముప్పై ఎక్కువవుతుంది. ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో మామగారి బతుకు. 2023 సంక్రాంతికి సికింద్రాబాదు–విశాఖ వందే భారత్ మొదలైనప్పుడు ఊరంతా ప్లాట్‌ఫారం మీద సెల్ఫీలు తీసుకున్నారు. నేను కర్వుల్నే తలుచుకున్నాను.

ఎంత ఎత్తు పెట్టినా, పెట్టింది నిలవాలి కదా. ఇప్పుడు కొల్లేటి సంగతి.

ఆ కట్టల కింద నల్లరేగడి. ఎండకి నోరు తెరుస్తుంది, వానకి పాయసమవుతుంది. మా రోజుల్లో పక్కన వరిచేలు. కోతలైతే నీళ్ళు దిగిపోయి కట్ట కాస్త ఊపిరి పీల్చుకునేది. తరవాత చేపల చెరువులొచ్చాయి, ఏడాది పొడుగునా కట్ట పాదాల దగ్గర నీళ్ళే. 2006లో కొల్లేరు లోపలి చెరువుల గట్లు పగలగొట్టారు గానీ, అది పక్షుల కోసం, పట్టాల కోసం కాదు. గూడబాతులకున్న పలుకుబడి మాకెక్కడిది?

నా చేతిలో ఒక కర్వు ఉండేది. ఏ రెండు స్టేషన్ల మధ్యదో చెప్పను. రెండు డిగ్రీలు. పది మీటర్లకొకటి చొప్పున పట్టా మీద పెయింటుతో నంబర్లు. ఇరవై మీటర్ల దారం బిగించి, నడుమ దారానికీ పట్టాకీ మధ్య సందు కొలవాలి. దాన్ని వర్సైను అంటారు. కైకలూరులో వలల కొట్లో నైలాను దారం కొనుక్కొచ్చేవాణ్ణి, ఆఫీసు ఇచ్చే దారం కంటే అదే నయం. రెండు డిగ్రీలకి ప్రతి నంబరు దగ్గరా 57 రావాలి. వచ్చేది కూడా, ఏడో నంబరు దగ్గర తప్ప. అక్కడ 66! ఆరు దగ్గరా ఎనిమిది దగ్గరా చూస్తే చెరో నాలుగున్నర తగ్గి ఉండేది, ఎందుకంటే ఒకచోట పట్టా బయటికి జరిగితే పక్కవాళ్ళ లెక్కలో సగం సగం కోత పడుతుంది. కారణం పక్కనున్న చెరువు. బయటి కట్ట దిగుతుంది, ఎత్తు తగ్గుతుంది, ఫ్లాంజి గట్టిగా తోస్తుంది, పట్టా ఇంకాస్త బయటికి పోతుంది, ఫ్లాంజి ఇంకాస్త గట్టిగా తోస్తుంది. మేం బీటర్లతో కంకర కుక్కి ఎత్తేవాళ్ళం, గడ్డపారలు వేసి "ఐలేసా" అని లోపలికి జరిపేవాళ్ళం. రెండు వానలకి మళ్ళీ 66. కర్వంతా అరిగిన దానికంటే ఆ ఒక్కచోట పట్టా చెంప రెట్టింపు అరిగేది. గ్రీజు డబ్బా డబ్బా పోసినా అంతే. అరిగిపోయేది పట్టా, జబ్బు కట్టది.

ఇవన్నీ చెబుతుంటే మావాడు ఇప్పటి సంగతులు చదివి వినిపించాడు. టాంపింగ్ మిషన్ తనంతట తనే కొలుచుకుని, ఎత్తి, జరిపి, కంకర కుక్కేస్తుందట. తెలుసు, నేనున్నప్పుడే వచ్చింది. ఒక్క షిఫ్టులో మా గ్యాంగు నెల పని చేసేది. మెచ్చుకోవడానికి నోరు రాలేదు గానీ, నడుములు మాత్రం మెచ్చుకున్నాయి. భిలాయ్ నుంచి 13 మీటర్ల ముక్కలకి బదులు 260 మీటర్ల పట్టాలొస్తున్నాయి. కర్వులకి నెత్తి గట్టిపరిచిన ఉక్కు ఉంది. 72 రాళ్ళ, 96 రాళ్ళ గ్రైండింగ్ బండ్లు పట్టా నెత్తిని మళ్ళీ ఆకారానికి తెస్తాయి. అమెరికాలో, కెనడాలో బొగ్గు బళ్ళు నడిచే లైన్లలో చెంపకి గ్రీజుతో సరిపెట్టకుండా నెత్తికి కూడా వేరే రకం పూత పూస్తారట, మరీ జారకుండా, మరీ పట్టకుండా. నెత్తికి పూత! నాకు ఆ గూడ్సు డ్రైవరు గుర్తొచ్చాడు. యాభై ఏళ్ళు ముందు పుట్టేశానన్నమాట.

ఇన్ని వచ్చాయి సరే. ఆ కర్వు వెంట చెవి పెట్టి నడిచేవాడెవడని అడిగాను. కీమ్యాన్ చేతిలో జీపీఎస్ ఉంటుందన్నాడు. వాడు నడిచాడో లేదో అది చెబుతుంది. విన్నాడో లేదో ఏం చెబుతుంది?

కనుమ మర్నాడు మా ఆవిడా నేనూ భీమవరం వెళ్ళాం, చెల్లెలుగారింటికి. కైకలూరు వైపు లైను చూసి చాలా రోజులైందని గుడివాడ మీదుగానే పోదామన్నాను. చుట్టుదారి అని సణిగింది, అయినా వచ్చింది. కొత్త కట్ట, కొత్త కంకర, కాంక్రీటు స్లీపర్లు. పక్కనున్న చెరువు మాత్రం పాతదే. పట్టా మీద నంబర్లు కనపడవు గానీ నాకు తెలుసు. మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగు, ఐదు, ఆరు. "టీ గ్లాసు గట్టిగా పట్టుకోవే" అన్నాను.

"ఎందుకూ?" అంది.

చీర మీద పడ్డాక ఇంకేం అడగలేదు.